బోరు నీళ్లలో చేపల తొట్టి: ముందు ఆల్కలినిటీ, ఆ తర్వాతే పీహెచ్

అనంతపురంలో చేపల తొట్టి పెట్టుకున్నవాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే: "పీహెచ్ ఎనిమిదిన్నర చూపిస్తోంది నా, ఎట్లా తగ్గించేది?" షాపుకు పోతే ఒక సీసా చేతిలో పెడతారు. నాలుగు చుక్కలు వేస్తే సాయంత్రానికి ఏడున్నరకు దిగుతుంది. తెల్లారి చూస్తే మళ్లీ ఎనిమిది దాటి ఉంటుంది. ఇంకో నాలుగు చుక్కలు వేస్తారు. వారం తిరిగేసరికి చేపలు రెక్కలు ముడుచుకుని మూలకు చేరతాయి. నీళ్లలోనూ చేపల్లోనూ లోపమేమీ ఉండదు. పీహెచ్ అంటే నీళ్ల ఆమ్ల, క్షార గుణం చూపే అంకె. ఆ అంకెను పట్టి నిలిపేది ఆల్కలినిటీ. దాన్ని చూడకుండా పీహెచ్ ఒక్కదాన్ని లాగబోతే ఎవరికైనా ఇదే జరుగుతుంది.

ఆల్కలినిటీ అంటే నీళ్లలో కరిగి ఉన్న బైకార్బొనేట్, కొద్దిపాటి కార్బొనేట్. యాసిడ్ పడినప్పుడు దాన్ని విరిచేసేది ఇదే. చేపలు పెంచేవాళ్లు దీన్నే కేహెచ్ అంటారు. ఒక డిగ్రీ కేహెచ్ అంటే కాల్షియం కార్బొనేట్ లెక్కలో లీటరుకు సుమారు 18 మిల్లీగ్రాములు. ల్యాబ్‌లో నీళ్లు పరీక్ష చేయించి ఉంటే రిపోర్టులో 'టోటల్ ఆల్కలినిటీ' అని ఉంటుంది. దాన్ని 18తో భాగిస్తే కేహెచ్ డిగ్రీలు వస్తాయి. తాగునీటికి భారత ప్రమాణం 200 మిల్లీగ్రాములు, వేరే నీళ్లు దొరకని చోట 600 దాకా ఒప్పుకుంటారు. అంటే 'తాగడానికి పనికొస్తాయి' అన్న మాటను బట్టి మీ తొట్టి సంగతి ఏమీ తెలియదు. 100 ఉన్నవీ తాగునీళ్లే, 500 ఉన్నవీ తాగునీళ్లే.

గాలి బాగా ఆడే తొట్టిలో పీహెచ్ ఎక్కడ నిలబడాలో ఈ ఆల్కలినిటీయే చాలావరకు తేలుస్తుంది. 50 మిల్లీగ్రాములుంటే ఏడున్నర దగ్గర, 100 ఉంటే 7.8 దగ్గర, 300 ఉంటే 8.3 దగ్గర ఆగుతుంది. ఇవి ఉజ్జాయింపు లెక్కలే, గాలి ఇంకా బాగా ఆడితే పీహెచ్ ఇంతకన్నా పైనే ఉండొచ్చు. 300 ఉన్న నీళ్లలో యాసిడ్ చుక్కలు వేస్తే అవి బైకార్బొనేట్‌తో కలిసి కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. ఆ గ్యాస్ నీళ్లలో ఉన్నంతసేపే పీహెచ్ కిందికి ఉంటుంది. రాత్రంతా ఎయిర్ పంపు ఆడితే గ్యాస్ పోతుంది, పీహెచ్ మళ్లీ పైకి వస్తుంది. పీహెచ్‌లో ఒక అంకె తేడా అంటే ఆమ్లత్వంలో పది రెట్లు తేడా. చేప రోజూ అంత ఎక్కి దిగడం కంటే 8.3లో కదలకుండా ఉండటం ఎన్నో రెట్లు నయం.

మొదట మీ నీళ్లను కొలవండి

మూడు కిట్లు కావాలి: పీహెచ్, కేహెచ్, జీహెచ్ (నీళ్ల గట్టితనం). మూడూ చుక్కల కిట్లే తీసుకోండి. కాగితం స్ట్రిప్పులు ఉజ్జాయింపుకు తప్ప పనికిరావు. నీళ్లలో కరిగిన ఉప్పులన్నీ కలిపి చూపే టీడీఎస్ మీటరు అందరి దగ్గరా ఉంటుంది కానీ అది ఆల్కలినిటీ చెప్పదు, పీహెచ్ అంతకన్నా చెప్పదు.

పీహెచ్ కిట్ కొనేటప్పుడు ఒకటి చూసుకోండి. మామూలుగా దొరికే కిట్ 6 నుంచి 7.6 వరకే కొలుస్తుంది. మన బోరు నీళ్లు పోస్తే ముదురు నీలం వచ్చి అక్కడే ఆగిపోతుంది. అది 7.6 కావచ్చు, 8.6 కావచ్చు. కాబట్టి 7.4 నుంచి పైకి కొలిచే హై రేంజ్ కిట్ అడిగి తీసుకోండి. పెన్ను లాంటి డిజిటల్ మీటరు వాడేవాళ్లు పీహెచ్ ముందే తెలిసిన 7, 9.2 బఫర్ ద్రావణాలతో తరచుగా సరిచేసుకోవాలి. దాని కొనను ఆర్‌ఓ నీళ్లలో నానబెట్టి ఉంచితే పాడవుతుంది.

బోరు నీళ్లను మోటారు వేసిన వెంటనే కొలవొద్దు. భూమి లోపల ఆ నీళ్లలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ కలిసి ఉంటుంది. అందుకే పైపు దగ్గర 7.2 చూపించిన నీళ్లు మరుసటి రోజుకు 8.2కు ఎక్కుతాయి. ఒక బకెట్లో పట్టి, ఎయిర్ స్టోన్ వేసి, 24 గంటలాగి కొలిస్తే అసలు పీహెచ్ తెలుస్తుంది. కేహెచ్‌కు ఈ గొడవ లేదు, ఎప్పుడు కొలిచినా ఒకటే.

కేహెచ్ పరీక్ష నిదానంగా చేయాలి. గాజు సీసాలో గీత వరకు 5 మిల్లీలీటర్లు పోయండి. మందు సీసాను నిలువుగా తలకిందులు చేసి పట్టుకోండి. వాలుగా పట్టుకుంటే చుక్క సైజు మారుతుంది. ఒక్కో చుక్క వేసి, మూత పెట్టి కలిపి, లెక్కపెట్టుకుంటూ పోండి. చాలా కిట్లలో మొదటి చుక్కకే నీళ్లు నీలమవుతాయి. ఆ నీలం అలాగే ఉంటూ ఉంటూ ఒక చుక్క దగ్గర పసుపుకు తిరుగుతుంది. అక్కడికి ఎన్ని చుక్కలైతే అన్ని డిగ్రీలు. మెత్తటి నీళ్లకు, అంటే ఈ ఉప్పులు తక్కువున్న నీళ్లకు, నాలుగైదు చుక్కల్లో తేలిపోతుంది. మన బోర్లలో కొన్నింటికి పదహారు పదిహేడు చుక్కలు పడతాయి, మందు సీసా చూస్తుండగానే అయిపోతుంది. దానికి ఒక ఉపాయం ఉంది. సగం బోరు నీళ్లు, సగం ఆర్‌ఓ నీళ్లు కలిపి పరీక్ష చేసి, వచ్చిన చుక్కల్ని రెండుతో గుణించండి.

జీహెచ్ వేరే విషయం. అది కాల్షియం, మెగ్నీషియం లెక్క. బోరు నీళ్లలో కందిపప్పు ఉడక్కపోవడానికి, సబ్బు నురగ రాకపోవడానికి కారణం ఇదే. పప్పు ఉడకడం లేదు కాబట్టి పీహెచ్ కూడా ఎక్కువే అనుకోవద్దు, పప్పు బాగానే ఉడుకుతోంది కాబట్టి ఆల్కలినిటీ తక్కువనీ అనుకోవద్దు. అనంతపురం వైపు నేల అడుగున ఎక్కువగా గ్రానైట్ రాయి. ఫ్లోరైడ్ సమస్య ఉన్న బోర్లలో సాధారణంగా కాల్షియం తక్కువ, సోడియం బైకార్బొనేట్ ఎక్కువ. అంటే జీహెచ్ తక్కువగా ఉండి కేహెచ్ భారీగా ఉండొచ్చు. కడప, కర్నూలు వైపు సున్నపురాయి ఉన్న చోట్ల రెండూ ఎక్కువే. పక్కింటి బోరు లెక్క మీ బోరుకు పనికిరాదు, విడివిడిగా కొలుచుకోవాల్సిందే.

ఇంట్లో వాటర్ సాఫ్ట్‌నర్ పెట్టించుకున్నవాళ్లు ఇక్కడ కాస్త ఆగి చదవండి. ఉప్పు పోసి నడిపే సాఫ్ట్‌నర్ కాల్షియం, మెగ్నీషియం తీసేసి ఆ స్థానంలో సోడియం పెడుతుంది. బైకార్బొనేట్‌ను ముట్టుకోదు. జీహెచ్ సున్నా అవుతుంది, కేహెచ్ ఉన్నది ఉన్నట్టే ఉంటుంది, పీహెచ్ తగ్గదు. పైగా గప్పీ, మోలీ లాంటి చేపలకు కావాల్సిన కాల్షియం పోతుంది. తొట్టికి ఎప్పుడూ సాఫ్ట్‌నర్‌కు ముందున్న కుళాయి నుంచే పట్టండి.

నీళ్లకు తగ్గ చేపను ఎంచుకోండి

అన్నిటికన్నా తక్కువ ఖర్చుతో, తక్కువ టెన్షన్‌తో అయ్యే పద్ధతి ఇదే. కేహెచ్ 8 నుంచి 15 డిగ్రీల మధ్య, పీహెచ్ 8 పైన ఉంటే గప్పీ, మోలీ, ప్లాటీ, స్వోర్డ్‌టెయిల్ హాయిగా పెరుగుతాయి, పిల్లలు పెడతాయి. మోలీని మెత్తటి నీళ్లలో వేస్తే ఉన్నచోటే ఒళ్లు ఊపుతూ వణుకుతుంది. గోల్డ్‌ఫిష్‌కు కూడా గట్టి నీళ్లతో ఇబ్బంది లేదు. పెద్ద తొట్టి ఉంటే ఆఫ్రికా మలావి సరస్సు సిక్లిడ్‌లు పెట్టండి, వాటి సొంత సరస్సులోనే పీహెచ్ ఎనిమిదికి అటూ ఇటూ ఉంటుంది. ఫైటర్, ఏంజెల్ లాంటివి ఫారాల్లో తరతరాలుగా పెరిగినవి కాబట్టి మెల్లగా అలవాటు చేస్తే సర్దుకుంటాయి.

డిస్కస్, కార్డినల్ టెట్రా లాంటి అమెజాన్ చేపలకు మాత్రం మెత్తటి నీళ్లు కావాలి. వాటిమీద మనసుంటే కింద చెప్పిన ఆర్‌ఓ పద్ధతికి సిద్ధపడి కొనండి. చేపను ముందు కొని నీళ్ల సంగతి తర్వాత చూద్దామనుకుంటే నష్టపోయేది చేపే.

ఆల్కలినిటీ నిజంగా తగ్గించాలంటే

నమ్మదగిన మార్గం ఒక్కటే, తక్కువ ఉన్న నీళ్లు కలపడం. ఆర్‌ఓ నీళ్లలో కేహెచ్ దాదాపు సున్నా. మన ఊళ్లలో 20 లీటర్ల క్యాన్లు అమ్మే ప్లాంటు నీళ్లు తెచ్చుకోవచ్చు. అయితే కొన్ని ప్లాంట్లలో రుచి కోసం మామూలు నీళ్లు కొంత కలుపుతారు కాబట్టి ఒకసారి కేహెచ్ చూసి తీసుకోండి. ఇంట్లోని ఆర్‌ఓ మిషను నుంచి పక్క పైపులో పోయే వేస్ట్ నీళ్లు మాత్రం తొట్టికి వాడొద్దు. బోరులో ఉన్నదంతా ఇంకా చిక్కబడి ఆ నీళ్లలోకే వస్తుంది.

లెక్క సులభం. మీ బోరు నీళ్ల ఆల్కలినిటీ 300, మీకు కావాల్సింది 120 అనుకోండి. 120ని 300తో భాగిస్తే 0.4. అంటే 20 లీటర్ల బకెట్‌లో 8 లీటర్లు బోరు నీళ్లు, 12 లీటర్లు ఆర్‌ఓ నీళ్లు. తొట్టిలో మొత్తం నీళ్లు ఒక్కరోజులో మార్చేయకండి. వారానికి ఐదోవంతు నీళ్లు తీసి ఈ కలిపిన నీళ్లు పోస్తే 300 నుంచి మొదటి వారం 264, తర్వాత 235, 212, నాలుగో వారానికి 194 దగ్గరికి వస్తుంది. ఇంత నిదానమా అనిపిస్తుంది. చేపకు కావాల్సింది ఆ నిదానమే.

కర్నూలు, అనంతపురం టౌన్లలో మున్సిపాలిటీ కుళాయికి చాలావరకు తుంగభద్ర నీళ్లే వస్తాయి. కర్నూలుకు సుంకేసుల నుంచి, అనంతపురానికి హెచ్చెల్సీ (తుంగభద్ర ఎగువ కాలువ) మీదుగా పెన్నహోబిలం రిజర్వాయరుకు చేరి అక్కడి నుంచి. ఇవి మామూలుగా బోరు కంటే మెత్తగా ఉంటాయి, కలపడానికి బాగా పనికొస్తాయి. క్లోరిన్ పోయే మందు వేయకుండా మాత్రం తొట్టిలో పోయకండి. ఇందులో ఇంకో చిక్కు ఉంది. వేసవిలో కుళాయి రాకపోతే బోరు నీళ్లో, ట్యాంకరు నీళ్లో మిద్దె మీది ట్యాంకులో కలిసిపోతాయి. మీకు తెలియకుండానే పోయిన వారం నీళ్లు వేరు, ఈ వారం నీళ్లు వేరు అయిపోతాయి. అందుకే ఏప్రిల్, మే నెలల్లో నీళ్లు మార్చే ప్రతిసారీ ముందు బకెట్‌లో కేహెచ్ కొలవండి. రెండు నిమిషాల పని.

వాన నీళ్లు కూడా మెత్తటివే. మిద్దె కడిగిపోయేలా మొదటి వానలు వదిలేసి, తర్వాత పడినవి శుభ్రమైన డ్రమ్ములో పట్టి దాచుకోండి. మన దగ్గర వాన ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు కాబట్టి దాన్నొక్కదాన్నే నమ్ముకుని డిస్కస్ పెంచలేం.

ఎండాకాలంలో తొట్టి అంచుల్లో తెల్లటి గార కడుతుంది. నీళ్లు ఆవిరైనప్పుడు ఉప్పులు వెనకే మిగిలిపోతాయి, అందులో కొంత గాజుకు అంటుకుంటుంది. వారానికి 10 లీటర్లు తగ్గిన 100 లీటర్ల తొట్టిలో ఆ లోటును 300 ఉన్న బోరు నీళ్లతో నింపారనుకోండి, ఆల్కలినిటీ వారానికి 30 మిల్లీగ్రాముల వరకు పెరుగుతూ పోతుంది. కాబట్టి ఆవిరైన లోటు నింపడానికి ఎప్పుడూ ఆర్‌ఓ నీళ్లే పోయండి. నీళ్లు మార్చడానికి కలిపిన నీళ్లు, లోటు నింపడానికి ఉత్త ఆర్‌ఓ నీళ్లు. ఈ రెండూ వేర్వేరు పనులు. పైన గాజు మూత పెడితే ఆవిరి సగం దాకా తగ్గుతుంది, గాలి ఆడేందుకు కొంచెం సందు వదలండి. గారను బట్ట మీద కొంచెం వెనిగర్ వేసి తుడవొచ్చు. ముందు నీళ్ల మట్టం దించుకోండి, వెనిగర్ తొట్టిలోకి కారనీయకండి.

తొట్టిలో పెట్టే రాళ్లు

కడప బండ, బేతంచెర్ల రాయి మన ఇళ్లలో నేలకు పరుస్తాం. ఆ నాపరాయి ముక్కలు చూడ్డానికి బాగుంటాయని తొట్టిలో గుహల్లా పేర్చుతారు. ఇవి సున్నపురాయి జాతివి. కార్బన్ డయాక్సైడ్ కలిసిన నీళ్లు సున్నపురాయిని మెల్లగా కరిగిస్తాయి. కొలిమిగుండ్ల దగ్గర బెలుం గుహలు ఏర్పడింది ఇలాగే, లక్షల ఏళ్లలో. మీ తొట్టిలో జరిగేదీ అదే పని, చిన్న ఎత్తున. పాలరాయి ముక్కలు, గవ్వలు, శంఖాలు, పగడపు ముక్కలు అన్నీ ఇదే కోవలోవి. గట్టి నీళ్లలో ఇవి పెద్దగా కరగవు కాబట్టి గప్పీల తొట్టిలో పెడితే ఇబ్బంది లేదు. ఆర్‌ఓ కలిపి కష్టపడి మెత్తబరిచిన తొట్టిలో పెడితే మాత్రం మీ ఆర్‌ఓ నీళ్ల డబ్బులు రాయి కింద కరిగిపోయినట్టే.

ఏ రాయో తెలియకపోతే పొడి రాయి మీద వెనిగర్ చుక్క వేసి దగ్గరగా చూడండి. సన్నటి బుడగలు లేస్తే సున్నం ఉన్నట్టు. బుడగలు కనిపించకపోయినా అనుమానం ఉంటే రాయిని బకెట్ ఆర్‌ఓ నీళ్లలో వారం ఉంచి, ముందూ వెనకా కేహెచ్ కొలవండి. అనంతపురం గ్రానైట్ ముక్కలకు, వాగులో దొరికే తెల్లటి పలుగురాళ్లకు ఈ భయం లేదు.

మరీ తగ్గిపోతే

ఇది ఉత్త ఆర్‌ఓ నీళ్లతోనే తొట్టి నడిపేవాళ్లకు. ఫిల్టర్‌లోని బ్యాక్టీరియా అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చేటప్పుడు ఆల్కలినిటీని తినేస్తుంది. అమ్మోనియా నైట్రోజన్ 1 మిల్లీగ్రాముకు సుమారు 7 మిల్లీగ్రాముల ఆల్కలినిటీ ఖర్చవుతుంది. నింపే నీళ్లలో అది లేనప్పుడు వారాల తరబడి కేహెచ్ దిగుతూ దిగుతూ, ఒక రోజు పట్టు పూర్తిగా పోయి పీహెచ్ ఆరుకు కిందికి పడిపోతుంది. అక్కడ బ్యాక్టీరియా పని కూడా మందగిస్తుంది. కేహెచ్ 3 డిగ్రీల కంటే దిగువకు పోతోందంటే జాగ్రత్త పడండి.

సులువైన మార్గం బోరు నీళ్లే. మన దగ్గర ఆల్కలినిటీకి కొదవ లేదు. బకెట్‌కు రెండు మూడు మగ్గులు కలిపితే చాలు. బోరు లేనివాళ్లు వంట సోడా వాడొచ్చు. 100 లీటర్లకు 3 గ్రాములు వేస్తే కేహెచ్ ఒక డిగ్రీ పెరుగుతుంది. మగ్గు నీళ్లలో పూర్తిగా కరిగించి ఫిల్టర్ నీళ్లు పడేచోట మెల్లగా పోయండి. రోజుకు ఒక డిగ్రీకి మించి పెంచొద్దు. కేకుల్లో వేసే బేకింగ్ పౌడర్, బట్టలుతికే చాకలి సోడా వేరే పదార్థాలు, అవి తొట్టిలో పడకూడదు.

సోడా వేసే ముందు అమ్మోనియా కిట్‌తో ఒకసారి చూడండి. నీళ్లలోని అమ్మోనియాలో చేపను చంపే రూపం పీహెచ్‌తో పాటు పెరుగుతుంది. 25 డిగ్రీల వేడిలో పీహెచ్ 7 దగ్గర అది ఒక శాతం కూడా ఉండదు. 8 దగ్గర 5 శాతం, 8.5 దగ్గర 15 శాతం. వేడి పెరిగితే ఇంకా ఎక్కువ. అమ్మోనియా ఉన్నప్పుడు పీహెచ్ పెంచితే అప్పటిదాకా ఓర్చుకున్న చేప ఒక్క పూటలో పోతుంది. ముందు నీళ్లు మార్చి అమ్మోనియా తగ్గించి, తర్వాత సోడా. మన బోరు నీళ్లు మామూలుగా 8 పైనే కాబట్టి రాయలసీమలో మేత తక్కువ వేయడం, కొత్త ఫిల్టర్ కుదురుకునే వరకు చేపలు తక్కువ పెట్టడం మిగతా చోట్ల కంటే ముఖ్యం.

వేయకూడనివి

నిమ్మరసం, వెనిగర్, బాత్‌రూమ్ యాసిడ్. పైన చెప్పిన ఎక్కడం దిగడమే వీటితోనూ. నిమ్మరసం, వెనిగర్‌లను బ్యాక్టీరియా తిని నీళ్లను మబ్బుగా చేస్తుంది, ఆక్సిజన్ తగ్గిస్తుంది. ఫాస్ఫేట్ ఉన్న పీహెచ్ డౌన్ మందులు నాచును పెంచుతాయి.

తుంగభద్రకు వరదొచ్చి కుళాయిలో ఎర్రనీళ్లు వచ్చినప్పుడు ఇళ్లలో పటిక తిప్పుతారు. ఆ నీళ్లు తొట్టికి వద్దు. పటిక ఆల్కలినిటీని తినేస్తుంది, దాంట్లోని అల్యూమినియం చేప మొప్పలకు హాని. బురద నీళ్లను డ్రమ్ములో రెండు రోజులు కదపకుండా ఉంచి పైన తేరిన నీళ్లు తీసుకోండి.

బాదం ఆకులు, డ్రిఫ్ట్‌వుడ్ (తొట్టిలో అలంకారానికి పెట్టే కట్టె) మంచివే, ఫైటర్ చేపలకు బాగా నప్పుతాయి. కానీ కేహెచ్ 15 ఉన్న నీళ్లలో ఎన్ని ఆకులు వేసినా రంగు మారుతుందే తప్ప పీహెచ్ కదలదు. ఆర్‌ఓ కలిపి కేహెచ్ మూడు నాలుగుకు దించాకే వాటి ప్రభావం తెలుస్తుంది.

కొత్త చేప వచ్చినప్పుడు, కరెంటు పోయినప్పుడు

ఊళ్లో షాపు నుంచి తెచ్చిన చేప కవరును పావుగంట తొట్టిలో తేలనిచ్చి, తర్వాత మీ నీళ్లు కప్పు కప్పు చొప్పున కవరులో కలుపుతూ అరగంటకు పైగా అలవాటు చేయండి. షాపు నీళ్ల కేహెచ్ మీ కేహెచ్‌కు దగ్గరగా ఉంటే ఇంకా త్వరగా వదలొచ్చు. అడిగితే షాపువాళ్లు ఒక చిన్న సీసాలో నీళ్లు పట్టిస్తారు, ఇంటికి తెచ్చి కొలుచుకోండి.

చెన్నై నుంచో, ఇంకెక్కడి నుంచో రాత్రంతా ప్రయాణం చేసి వచ్చిన కవరు సంగతి వేరు. లోపల కార్బన్ డయాక్సైడ్ పేరుకుని పీహెచ్ దిగి ఉంటుంది, అమ్మోనియా కూడా చేరి ఉంటుంది. పీహెచ్ తక్కువ కాబట్టి ఆ అమ్మోనియా అప్పటిదాకా హాని చేయదు. కవరు విప్పగానే గ్యాస్ పోయి పీహెచ్ ఎక్కడం మొదలవుతుంది, అమ్మోనియా విషమవుతుంది. అలాంటి కవరును విప్పి గంటలకొద్దీ చుక్కచుక్కగా నీళ్లు కలుపుతూ కూర్చోవద్దు. విప్పకుండానే తేలనిచ్చి వేడి సమానం చేసి, విప్పిన వెంటనే చేపను వలతో తీసి తొట్టిలోకి వదలండి. కవరు నీళ్లు మోరీలో పారబోయండి. ఈ పద్ధతికి మీ తొట్టి నీళ్లు చేప బయల్దేరిన చోటి నీళ్లకు మరీ దూరంగా ఉండకూడదు కాబట్టి, ఆర్డరు ఇచ్చేటప్పుడే వాళ్ల పీహెచ్, కేహెచ్ ఎంతో ఫోన్లో అడగండి.

రాత్రి కరెంటు పోయి ఎయిర్ పంపు ఆగితే, తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోరు తెరుస్తూ కనిపిస్తాయి. ఆక్సిజన్ తగ్గి, కార్బన్ డయాక్సైడ్ పెరిగి, పీహెచ్ కొంత దిగి ఉంటుంది. మొక్కలు దట్టంగా ఉన్న తొట్టిలో ఇది ఇంకా ఎక్కువ. ఆ అంకె చూసి సోడా వేయకండి. మగ్గుతో నీళ్లు తీసి కాస్త ఎత్తు నుంచి తిరిగి తొట్టిలోనే పోస్తూ ఉండండి. గ్యాస్ పోతే పీహెచ్ తనంతట తనే పాత చోటికి వస్తుంది. బ్యాటరీతో నడిచే చిన్న ఎయిర్ పంపు ఒకటి కొని తొట్టి పక్కనే పెట్టుకోండి. ఆ పూట మేత వేయొద్దు.